క్రొత్త కారు, గేరుపెట్టె

ఇంటికి క్రొత్త కారు వచ్చిన దినము పండుగ దినము. వాకిట ముగ్గు పెట్టుదురు, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి తొక్కింతురు, కొబ్బరికాయ కొట్టి ముందు అద్దము మీద కుంకుమ దిద్దుదురు. ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము, దానికి తోడు బ్యాంకు అప్పు, రెండును కలిసి ఆ బండి రూపమున వాకిట నిలిచియుండును. అట్టి బండి నెల తిరుగకముందే గేరు మారునప్పుడెల్ల ఎగిరిపడుచున్నను, ఎత్తు మీద ఆగి వెనుకకు జారుచున్నను ఆ యింటివారికి కలుగు దిగులు ఇంతింతనరాదు. పాతబండి చెడినచో పాతది గదా యని సరిపెట్టుకొందుము. క్రొత్తబండి చెడినప్పుడు లోపము బండిదా, నడపువారిదా యన్న సందేహము ముందుగా మనలనే పట్టుకొనును. ఆ సందేహమును తీర్చుకొనుట ఎట్లు, తీరిన పిమ్మట చేయవలసినది ఏమి అను రెండు విషయములను గూర్చి నేడు ముచ్చటింతును.

నర్సీపట్నము వంటి ఊరిలో ఈ ప్రశ్నకు బరువు హెచ్చు. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నము జిల్లాలోను, అప్పటినుండి అనకాపల్లి జిల్లాలోను ఉన్న ఈ పట్టణము మైదానమునకును మన్యమునకును నడిమి గుమ్మము. ఇక్కడి కారు ఒకనాడు అనకాపల్లి వైపు చదునైన రోడ్డు మీద పరుగెత్తును; మరునాడు లంబసింగి ఘాటు ఎక్కవలసియుండును. సుమారు 30 కిలోమీటర్ల ప్రయాణములో సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల ఎత్తునకు చేరవలెను. అందులో ఎక్కుడంతయు చివరి భాగముననే ఉన్నది. చలికాలపు సెలవుదినములలో మంచు చూడవచ్చు యాత్రికుల బండ్లు ఒకదాని వెనుక ఒకటి వరుస కట్టి, మలుపు మలుపునకు ఆగుచు కదలుచు పోవుట అందరును ఎరిగినదే. గేరుపెట్టెకు ఇంతకంటె కఠినమైన పరీక్ష మరి లేదు.

ఈ దారులకు చరిత్ర కూడ కలదు. 1920 ప్రాంతమున మన్యములో రోడ్లు వేయించినప్పుడు కొండవాండ్రకు సరియైన కూలి ఈయక చేయించిన చాకిరి, 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటునకు కారణములలో ఒకటి. అంత కష్టముతో ఏర్పడిన దారుల మీద నేడు మనము గేరు కర్రను కూడ ముట్టక కారు నడుపగోరుచున్నాము. కోరుట తప్పు కాదు. అయితే ఆ సుఖమును మనకు అందించు యంత్రము ఎట్టిదో తెలిసియుండుట మేలు.

గేరుపెట్టె ఎందుకు? సైకిలు త్రొక్కినవారికి ఇంజను స్వభావము సులభముగా బోధపడును. మనిషి కాలు ఒక వేగమున త్రొక్కినప్పుడే బలము బాగుగా పెట్టగలదు. మరీ మెల్లగా త్రొక్కినను, మరీ వడిగా త్రొక్కినను అలసిపోవును. ఇంజను కూడ అంతే. నిమిషమునకు కొన్ని వేల చుట్లు తిరుగునప్పుడే దానికి చక్కని పట్టు. చక్రములో, ఆగిన స్థితి నుండి వంద కిలోమీటర్ల వేగము వరకు అన్ని తీరుల తిరుగవలెను. ఈ రెండింటికిని పొత్తు కుదుర్చునది గేరుపెట్టె. మొదటి గేరులో ఇంజను అనేక చుట్లు తిరిగినగాని చక్రము ఒక చుట్టు తిరుగదు. వేగము తగ్గును, లాగు బలము పెరుగును. పై గేరులలో ఇందుకు విరుద్ధము. గేరు మార్చునప్పుడు ఇంజనును క్షణకాలము చక్రముల నుండి విడదీసి, తిరిగి మెల్లగా కలుపునది క్లచ్చి. అది రాపిడితో పనిచేయు బిళ్ల. రాపిడి ఉన్నచోట వేడి, వేడి ఉన్నచోట అరుగుదల తప్పవు.

2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కారును నడిపినవారు నేటికిని అనేకులున్నారు. వారికి క్లచ్చి ఎడమకాలి విద్య. సగము నొక్కి, సగము వదలి, ఎత్తు మీద బండిని నిలబెట్టుట ఒక నేర్పు. ఆ నేర్పును యంత్రమునకే నేర్పవలెనను ప్రయత్నము చాల కాలము నాటిది. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1939లో హైడ్రామాటిక్ అను స్వయంచాలక గేరుపెట్టెను బజారులోనికి తెచ్చెను. 1958లో హాలెండు దేశపు డాఫ్ సంస్థ, మెట్ల గేరులకు బదులు రెండు కప్పీల మీద పటకా నడచు పద్ధతిని కారులో అమర్చెను. మన దేశమున సామాన్య కుటుంబమునకు అందు వెలలో ఆటోమేటిక్ కారు 2014లో మారుతీ సెలేరియోతో వచ్చినది. అప్పటి నుండి ఆ రకము పల్లెటూళ్ల వరకును ప్రాకినది.

ఇక్కడ ఒక విషయము జ్ఞాపకముంచుకొనవలెను. ఆటోమేటిక్ అను ఒక్క మాట క్రింద నాలుగు వేర్వేరు యంత్రములున్నవి. మొదటిది, పాత క్లచ్చియే, పాత గేరుపెట్టెయే. కాలికిని చేతికిని బదులు ఒక మోటారో, నూనె ఒత్తిడియో ఆ పని చేయును. దీనిని ఏ.ఎం.టి. అందురు. వెల తక్కువ, చమురు ఖర్చు తక్కువ. రెండవది, ఇంజనునకును గేరులకును నడుమ నూనెతో నిండిన పాత్ర గలది. దీనిని టార్కు కన్వర్టరు అందురు. ఇది మెత్తగా నడచును, ఎత్తు మీద ఓర్పు గలది. మూడవది, నేను చెప్పిన కప్పీల పద్ధతి, సి.వి.టి. నాలుగవది రెండు క్లచ్చిలు గలది. ఒక గేరు నడచుచుండగనే తరువాతి గేరు సిద్ధముగా నుండును. ఇందులో పొడి క్లచ్చిలు గల రకము వేగమున ముచ్చటగొలుపును గాని, ఎత్తు మీద బండ్ల వరుసలో ప్రాకవలసివచ్చినప్పుడు త్వరగా వేడెక్కును. ఇన్ని రకములు ఉండగా, "మాది ఆటోమేటిక్, పొరుగువారిది ఆటోమేటిక్, వారిది సాఫీగా పోవుచున్నది, మాది ఏల ఎగురుచున్నది" అనుట పాడియావును చూపి దుక్కిటెద్దు పాలీయలేదనుట వంటిది.

కావున మొదట స్వభావమును, దోషమును వేరు చేయవలెను. ఏ.ఎం.టి. బండిలో గేరు మారునప్పుడు లాగుడు క్షణకాలము ఆగి, తల కొంచెము ముందుకు ఊగుట స్వభావము. ఎక్సిలేటరు మీద కాలు కొంచెము సడలించి తిరిగి నొక్కినచో ఆ ఊపు తగ్గును. సి.వి.టి. బండిని గట్టిగా నొక్కినప్పుడు ఇంజను మ్రోత ముందు పెరిగి వేగము తరువాత అందుట స్వభావము. చేతి గేరుల బండ్లలో అనేకములకు రివర్సు గేరు వేయునప్పుడు బండి పూర్తిగా ఆగి, ఒక్క క్షణము నిలిచినగాని గేరు చప్పుడు లేక పడదు, అదియు స్వభావమే. వీటిని చూచి భయపడనక్కరలేదు.

దోషపు గుర్తులు వేరు. ఇంజను చుట్లు పెరుగుచున్నను బండి వేగము పెరుగక జారుచుండుట. ముందు గేరులోనికిగాని, వెనుక గేరులోనికిగాని వేసినప్పుడు చాల సేపు పట్టకుండుటయో, పట్టినప్పుడు సుత్తితో కొట్టినట్లు అదరుటయో. నడచుచున్న బండి తనంత తాను న్యూట్రలునకు పోవుట. చదును రోడ్డు మీద సైతము మాడు వాసన వచ్చుట. గేరుపెట్టె క్రింద నూనె చుక్కలు కనబడుట. చేతి గేరులో వేసిన గేరు ఊడిపోవుట. ముందు పలక మీద గేరు హెచ్చరిక దీపము వెలుగుట. ఇందులో ఏ ఒక్కటి కనబడినను "అలవాటు పడిన పిమ్మట సరిపోవును" అని ఊరకుండరాదు. యంత్రమునకు మనము అలవాటు పడవచ్చును గాని, దోషము మనకు అలవాటు పడదు.

అయినను దోషమును దోషమని ఒప్పించుట సులభము కాదు. మన్యపు పాఠశాలలో పనిచేయు ఒక ఉపాధ్యాయిని అనుభవము చెప్పెదను. పసితనమున వచ్చిన పోలియో వలన ఆమె ఎడమకాలు బలహీనము. క్లచ్చి నొక్కు పని లేదని ఏ.ఎం.టి. కారు కొనిరి. అంతవరకు సర్వీసు జీపుల కొరకు కూడలిలో గంటలు గంటలు నిలిచిన ఆమెకు ఆ కారు కేవలము వాహనము కాదు, రెండవ కాలు. ఇరువది దినములు బాగుగనే నడచినది. ఒక ఉదయము ఘాటు మలుపున ముందు బండి ఆగగా ఆమెయు ఆపిరి. తిరిగి కదలింపబోవగా ఇంజను మ్రోత పెట్టినదే గాని బండి ముందుకు పోక వెనుకకు జారినది. వెనుక జనముతో నిండిన జీపు ఉన్నది. చేతి బ్రేకు లాగి నిలిపిరి గనుక ఎవరికిని అపాయము కలుగలేదు.

సుమారు 80 కిలోమీటర్ల దూరమున ఉన్న విశాఖపట్నమునకు మూడు మారులు బండిని కొనిపోయిరి. మొదటి మారు, "సాఫ్ట్‌వేరు మళ్లీ వేశామండి, ఇంక ఫరవాలేదు" అనిరి. రెండవ మారు, "ఈ మోడలు బండ్లన్నీ ఇంతేనండి" అనిరి. మూడవ మారు అచ్చటి ఉద్యోగి ఆమె కాలివంక చూచి, "మేడమ్‌గారూ, డ్రైవింగులోనే ఏదో తేడా ఉందండి" అనెను. ఆ మాట ఆమెను గాయపరచినది. ఊరిలోని వారు కొందరు, "ఘాటు రోడ్డు మీద నీకు కారెందుకమ్మా" అని అదివరకే అనియుండిరి. యంత్రము తప్పు ఆమె కాలి మీదికి వచ్చి కూర్చున్నది.

నాలుగవ మారు ఆమె వాదింపలేదు. అదే మోడలు కారు మరొకదానిని షోరూము వారినే తెమ్మని, ఇద్దరు ఉద్యోగులను వెంటబెట్టుకొని సింహాచలము కొండదారికి పోయిరి. ఒకే ఎత్తు, ఒకే మలుపు, ఒకే సంఖ్యలో మనుష్యులు. షోరూము బండిని ఆమె నడిపిరి. అది ఆగినచోట నుండి ఎక్కినది. ఆమె బండిని ఉద్యోగి నడపెను; అది జారినది. అటుపిమ్మట వాదనకు చోటు లేకపోయినది. క్లచ్చిని నడుపు భాగమును వారంటీ క్రింద మార్చిరి. అప్పటికి నాలుగు నెలలు గడచినవి. సెలవులు పోయినవి, జీపు బాడుగలు పెరిగినవి. అయినను ఆమె గెలిచినది బిగ్గరగా మాటలాడి కాదు, సరియైన పరీక్ష పెట్టి.

"లోపము మీ నడపుటలోనే ఉన్నది" అను మాట మన యొద్ద మాత్రమే వినబడునది కాదు. ఆస్ట్రేలియాలో ఫోర్డు సంస్థ పవర్‌షిఫ్టు అను రెండు క్లచ్చిల గేరుపెట్టె గల కార్లను అమ్మినది. అవి వణకుచున్నవని ఫిర్యాదు చేసినవారిలో పలువురకు, నడపు తీరు వలననే అట్లగుచున్నదని చెప్పిరి. ఆ దేశపు వినియోగదారుల సంస్థ న్యాయస్థానమునకు పోగా, 2018లో ఫెడరల్ కోర్టు ఫిర్యాదుల యెడల ఫోర్డు నడచుకొన్న తీరు అన్యాయమని ప్రకటించి, కోటి ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించెను. చైనాలో 2013 మార్చి 15వ తేదీన, వినియోగదారుల దినమున, ఫోక్స్‌వాగన్ సంస్థ వారి రెండు క్లచ్చిల గేరుపెట్టెలను గూర్చి ప్రభుత్వ టెలివిజను ఒక కార్యక్రమము ప్రసారము చేసెను. కొలది దినములలోనే ఆ సంస్థ 3,84,181 బండ్లను వెనుకకు పిలిచెను. మన దేశమున 2024 ఫిబ్రవరిలో, సి.వి.టి. తరహా గేరుపెట్టెలలోని నూనె పంపును నడపు ఎలక్ట్రానికు భాగమున లోపము ఉండవచ్చునని హ్యుందాయ్ సంస్థ 7,698 బండ్లను, కియా సంస్థ 4,358 బండ్లను పరీక్షకు పిలిచినవి. అవన్నియు 2023లో తయారైన క్రొత్త బండ్లే. ఎంత పెద్ద కర్మాగారమైనను లోపము పుట్టవచ్చును. ఒప్పుకొని సరిచేయుటయే మర్యాద.

మన చట్టము ఏమనుచున్నది? 1986 నాటి చట్టమునకు బదులు వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టము 2020 జులై 20 నుండి అమలులోనికి వచ్చినది. చెల్లించిన వెల 50 లక్షల రూపాయలకు మించనిచో జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. కొన్నచోటికే పోనక్కరలేదు, తాము నివసించు చోటనే చేయవచ్చును. వ్యాజ్యకారణము పుట్టిన రెండేండ్ల లోపల చేయవలెను. 5 లక్షల వరకు రుసుము లేదు. లోపము కంటికి కనబడనిదైనచో, వస్తువును తగిన ప్రయోగశాలకు పంపి పరీక్షింపజేయు అధికారము కమిషనుకు కలదు. ఇంతకు ముందుగా, 1915 అను సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు విన్నవించుకొనవచ్చును. ఇక, మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ వలన, లోపము గల బండ్లను వెనుకకు పిలువుమని తయారీదారుని ఆజ్ఞాపించు అధికారము కేంద్ర ప్రభుత్వమునకు వచ్చినది.

అయితే చట్టము నుండి ఎంత ఆశింపవచ్చునో కూడ తెలియవలెను. "క్రొత్త కారు చెడినది, మరొక క్రొత్త కారు ఇమ్ము" అని అడుగుట సహజము. కాని 2006లో మారుతీ ఉద్యోగ్ సంస్థ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, వారంటీ షరతు చెడిన భాగమును మార్చుటకే పరిమితమైనప్పుడు కారంతయు మార్చుమనుట చెల్లదని తీర్పిచ్చినది. 2010లో ఫియట్ సంస్థ వ్యాజ్యమున, స్వతంత్రుడగు నిపుణునిచే బండిని పరీక్షింపజేయవలెననియు, తయారీలోనే లోపమున్నట్లు అతడు నిర్ధారించినచో కొన్నవానికి సొమ్ము తిరిగి ఈయవలెననియు ఆజ్ఞాపించినది. ఈ రెంటి సారము ఒక్కటే. కోపము సాక్ష్యము కాదు. కాగితము సాక్ష్యము, నిపుణుని మాట సాక్ష్యము.

కావున బండిని షెడ్డులో విడిచినప్పుడెల్ల జాబ్ కార్డు మీద ఫిర్యాదును మీ మాటలలోనే వ్రాయింపుడు. "గేరు చెకింగ్" అని రెండు ముక్కలు వ్రాసిన చాలదు. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్లు తిరిగిన పిమ్మట, ఎక్కడ, ఎంతమంది ఉండగా, ఇంజను చల్లగా నున్నప్పుడా వేడెక్కినప్పుడా, ఏమి జరిగినదో వ్రాయింపుడు. ఒక నకలు తీసికొని దాచుడు. బాగుచేసితిమన్నప్పుడు ఏ భాగము మార్చిరో, యంత్రము నుండి ఏ దోషసంఖ్య బయటపడినదో వ్రాతపూర్వకముగా అడుగుడు. ప్రక్కన కూర్చున్నవారిచే ఫోనులో దృశ్యము తీయింపుడు; నడపువారు తీయరాదు. "ఇది మామూలే" అన్నచో, ఆ మాటనే కాగితము మీద వ్రాసి సంతకము పెట్టుమని మర్యాదగా కోరుడు. నోటితో సులభముగా వచ్చిన మాట కలముతో అంత సులభముగా రాదు.

మన వంతు జాగ్రత్త కూడ మనము చూపవలెను. లేనిచో మన ఫిర్యాదునకు బలముండదు. ఎత్తు మీద బండి ఆగినప్పుడు ఎక్సిలేటరు నొక్కి నిలబెట్టరాదు. అట్లు చేసినచో ఏ.ఎం.టి. బండ్లలోను, పొడి క్లచ్చిల బండ్లలోను క్లచ్చి మాడిపోవును. బ్రేకు మీద నిలిపి, చేతి బ్రేకు లాగి, ముందు బండి కొంత దూరము పోయిన పిమ్మట ఒక్కసారిగా కదలవలెను. ఘాటు ఎక్కునప్పుడు చేతితో గేరు నిర్ణయించు వీలున్నచో మొదటి లేక రెండవ గేరునందే ఉంచవలెను. దిగునప్పుడు ఏ గేరులో ఎక్కితిమో ఆ గేరులోనే దిగవలెనను పాత లారీ డ్రైవర్ల సూత్రము నేటికిని చెల్లును. చమురు ఆదా అగునని న్యూట్రలులో దిగుట ప్రాణాపాయము. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పును.

కొనబోవువారికి చివరిగా రెండు మాటలు. రంగును, పాటల పెట్టెను, పైకప్పు అద్దమును చూచుటకు ముందు ఆ గేరుపెట్టె నాలుగు రకములలో ఏదో అడుగుడు. ఎత్తు మీద వెనుకకు జారకుండ పట్టియుంచు ఏర్పాటు కలదో లేదో అడుగుడు. క్లచ్చి బిళ్ల వారంటీలో చేరునో, అరుగుదల వస్తువని తొలగించిరో కాగితమున చదువుడు. నడిపి చూచునప్పుడు షోరూము ముందరి చదును రోడ్డుతో తృప్తిపడక, ఇంటిల్లిపాదిని ఎక్కించుకొని ఒక ఎత్తు మీద ఆపి కదలించి చూడుడు. వారము వారము ఘాటు ఎక్కవలసినవారు వెల కొంత హెచ్చైనను నూనె పాత్ర గల రకమును గాని, చక్కని చేతి గేరుల బండిని గాని ఆలోచించుట మంచిది. ఊరిలోను, మైదానములోను తిరుగువారికి ఏ.ఎం.టి. చాలును.

యంత్రము మనుష్యుని అలసట తీర్చుటకు పుట్టినది. అది క్రొత్తదైనంత మాత్రమున నిర్దోషి కాదు. మనము యంత్రవిద్య చదువనంత మాత్రమున దోషులము కాము. తెలిసికొని కొనుడు, గమనించి నడపుడు, లోపము కనబడినచో వ్రాతపూర్వకముగా అడుగుడు. మీ సొమ్మునకును, మీతో ప్రయాణము చేయువారి ప్రాణములకును అదియే రక్ష.